నెత్తుటిలో వెతికిన కణం

కదిరి నరసింహస్వామికి రోగం తగ్గించమని మొక్కేవాళ్లే గానీ, రోగం ముదిరిందని తేల్చమని మొక్కినవాడు ధర్మవరం మగ్గాల వీధిలో నరసింహప్ప ఒక్కడే. స్వామి కూడా ఆ మొక్కును ఒకటికి రెండుసార్లు విని ఉంటాడు.

అతని కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఉంది. ఆ కాలేయం తీసేసి, కూతురు అశ్విని కాలేయంలో సగానికి పైగా కోసి పెట్టాలన్నారు బెంగళూరు డాక్టర్లు. వద్దంటే అశ్విని వినలేదు. మొండితనంలో తండ్రికి తగ్గ కూతురు. పోట్లాడి గెలవలేక అతను ఆశంతా ఒక రక్తపరీక్ష మీద పెట్టుకున్నాడు.

ఆ పరీక్ష సంగతి చెప్పింది ఆ ఆసుపత్రిలోనే పనిచేసే డాక్టర్ పద్మప్రియ. ఆమెదీ వీళ్ల సీమే, చిలమత్తూరు.

"గడ్డలోంచి కొన్ని కణాలు తప్పించుకోని నెత్తుట్లో తిరుగుతాంటాయన్నా. స్కానింగులో కనపడవు. అవి బయటపడింటే, కొత్త కాలేయం పెట్టినా దాన్నీ పట్టుకుంటాయేమోనని భయం. కొత్త పరీక్ష, ఇదే వేదం అనను. కానీ నీ గడ్డ చూస్తే ఆపరేషన్ చెయ్యొచ్చో లేదో తేలకుండా ఉండాది. కణాలు కనపడితే మాత్రం మీ పాపను కొయ్యము."

చివరి మాట తప్ప నరసింహప్ప చెవికి ఇంకేదీ ఎక్కలేదు.

ఫలితం వచ్చిన రోజు పద్మప్రియ అతన్ని ఒక్కడినే పిలిచి, దీపాలార్పిన గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ముందుగా వేరే ఎవరో రోగి రక్తం చూపించింది. చీకట్లో పచ్చగా ఒకే ఒక్క చుక్క వెలుగుతోంది.

"కోట్ల కణాల్లో అదొక్కటే అన్నా. రంగు పట్టించి వెతికితే దొరికింది."

నరసింహప్ప మైక్రోస్కోపు మీదికి ఇంకా వంగాడు. పట్టుపోగులో ముడిని వేలికొసతో పసిగట్టే మనిషి అతను. అయినా ఇంత చిన్నది మనిషిని కూల్చగలదని, దాన్నీ పట్టుకునే మనుషులున్నారని ఏనాడూ ఊహించలేదు. భయపడాల్సిన చోట చేతులు జోడించాలనిపించింది. ఎంత అందంగా ఉంది, పాడుది.

తర్వాత అతని రక్తం పెట్టింది. చీకటి. గాజుపలకను అటూ ఇటూ జరిపింది. అంతా చీకటే.

"నాది యాడమ్మా?"

"లేదన్నా. ఎంత వెతికినా దొరకలేదు. ఆపరేషన్ చేస్తాము."

"దొరికిందని చెప్పమ్మా మా పాపకు. నీ కాళ్లు మొక్కుతాను."

"అబద్ధం చెప్పలేనన్నా. నీకు ఆపరేషన్ వద్దనుకుంటే, మీ పాపకు వద్దని చెప్పు. కానీ ఉన్న నిజం చెప్పి వద్దని చెప్పు."

తలుపు బయట అశ్విని నిలబడి ఉంది.

"ఏమన్నారు నాయనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ చీకటి ఇంకా అతని కళ్ల ముందే ఉంది. తన నెత్తుట్లో ఏ చెడూ కనపడలేదు. ఇంకా బతకొచ్చు. బతుకు మీద ఇంత ఆశ తనలో ఉందని ఇన్నాళ్లూ తనకే తెలియదు. కూతురి ముఖం చూస్తే సిగ్గేసింది, భయమేసింది.

"ఏమీ లేదంట తల్లీ" అన్నాడు. "నాకు బతకాలని ఉండాది పాపా."

అశ్విని అతని చెయ్యి పట్టుకుంది.

"ఆ మాట చెప్పేదానికి ఇన్ని దినాలు కావల్నా నాయనా?"