వ్రాయని చిరునవ్వు

శరదృతువు ప్రవేశించెను. అనవరత వర్షధారలచేఁ దడిసి ముద్దయిన పెన్నాతీరము బాలాతపమున మెల్లమెల్లగా నాఱుచుండ వఱద దిగిపోయిన యిసుకతిన్నెలపై ఱెల్లుపూలు గాలికిఁ దలలూఁచుచుండ గృహగృహమునను స్త్రీలు తడిసిన చాపల నెండవేసికొనుచు నొండొరులతో నవ్వుచుఁ బలుకుచు నుండ ఒక్క యింటి యరుఁగుమీఁద మాత్రము తోలుబొమ్మలాటకాఁడగు భీమోజీ పలుకరించు దిక్కులేక యొంటరిగాఁ గూర్చుండి యేటివంకఁ జూచుచుండెను. వఱద యతని బొమ్మలపెట్టెను గొంపోయినది. రాముఁడు పోయెను, రావణుఁడు పోయెను. వారికై యతఁడు చింతింపలేదు. సీత పోయినది. అదియే యతని గుండెకోఁత.

ఆ సీత యెవరనుకొంటిరి? యౌవనమున నతఁడు తన యిల్లాలు సక్కూబాయి నెదుటఁ గూర్చుండఁబెట్టుకొని యామె ముఖమును జూచి చూచి మేఁకతోలుపైఁ జెక్కిన బొమ్మ యది. ఆమె గతించి యేండ్లు గడచినను తెరవెనుక నా బొమ్మను బట్టి యాడించునంతసేపు నామె తన చెంతనే యున్నట్లుండెడిది. పిల్లలు లేరు. ఉన్న యొక్క తోడును ఏటిపాలయ్యెను.

ఐనను నొక యాశ మిగిలెను. బొమ్మ చెడినచో మరల నట్టిదానినే చేయించుకొనుటకై దాని లక్షణములను దాటాకుపై వ్రాసి యింటిచూరున దాఁచుట యా కులమువారి యాచారము. ఆకు చిన్నది గావున సామాన్యలక్షణములను వ్రాయరు. సీతకుఁ బసుపువన్నె మేను, కలువకన్నులు ఎల్లరు నెఱిఁగినవే కదా యని విడిచి వాడుకకు భిన్నమైన వానిని మాత్రమే వ్రాయుదురు. భీమోజీయు నట్లే వ్రాసియుండెను: “సీత. తల యించుక వంచినది. ఎడమచెక్కిలిపైఁ బుట్టుమచ్చ. కుడిచెవికిఁ గమ్మ లేదు.”

ఇప్పుడతని చూపు మందగించెను, చేతులు వడఁకుచుండెను. కావున నా యాకును ఎగువసీమలోని దూరపు మేనల్లుఁడు ఖండోజీకిఁ బంపి వేయికన్నులతో నెదురుచూచుచుండెను.

దసరా వెళ్లిన పిదప ఖండోజీ స్వయముగా బొమ్మను, తాటాకును గొనివచ్చెను. ముసలివాఁడు బొమ్మను బైకెత్తి సూర్యున కెదురుగాఁ బట్టెను. తల వంగియున్నది. పుట్టుమచ్చ యున్నది. కమ్మలేని చెవియు నున్నది. కాని పెదవులు బిగిసియున్నవి. ఎవతెయో పరాయిస్త్రీ సక్కూబాయి పుట్టుమచ్చ నెరవు తెచ్చుకొని వచ్చినట్లుండెను.

“ఇదేమి నాయనా, ఈమె నవ్వదేమి?” అని యెట్టకేలకు నడిగెను.

“ఆకులో నవ్వు లేదు మామా. వ్రాయనిచోట మాయింటి వాడుకనే చెక్కితిని. మాయింటి సీత యశోకవనమున నున్న సీత, ఏనాఁడును నవ్వదు.”

భీమోజీ యింట సీతలెల్లరు నగుమొగమువారే. కనుక నవ్వును వ్రాయవలెనని యతనికిఁ దోఁపనే లేదు. తప్పెవరిది? ఎవరిదియుఁ గాదు. ఖండోజీ మంచివాఁడు, సంచిలోనుండి యులి తీసి చెంతఁ గూర్చుండెను.

“నేఁడే దిద్దెదను. అత్త యెట్లు నవ్వెడిదో చెప్పుము.”

భీమోజీ కన్నులు మూసికొనెను. కమ్మ యేటిలో జాఱిపోయిన నాఁ డామె మొగము చిన్నబుచ్చుకొనుట జ్ఞప్తికి వచ్చెను. పుట్టుమచ్చ యెంతటిదో వ్రేలితోఁ జూపఁగలఁడు. నవ్వునప్పుడు పెదవి యేవైపున లేచెడిది? పలువరుస కానవచ్చెడిదా? అన్నము వడ్డించునప్పుడు, వాకిలి తెఱచునప్పుడు, ప్రతిదినము నుండినదే. అందుచేతనే యెన్నఁడును బరికించి గుర్తుంచుకొనలేదు. నాఁడు చేయి యెఱిఁగినదానిని నేఁడు మనసు చెప్పలేకపోయెను. అయ్యో, ఎంతటి దరిద్రము! ముసలివాఁడు కంటఁ దడిపెట్టుకొనెను.

“రేపు చెప్పెదను నాయనా” అని మాత్రమనెను.

ఖండోజీ యేటికి స్నానమునకుఁ బోయినపిదప నతఁడు గంటము తీసి యాకుచివర “నవ్వును” అని చేర్చెను. అటుపైన గంటము సాగలేదు. లోకమున నరుదైనదానిని వ్రాసి దాఁచుకొందుము. నిత్యమైనది నిత్యమును నుండునని విడిచిపెట్టుదుము.

అంతలోఁ బొరుగింటి యరుఁగుపై నొక యిల్లాలు దేనికో నవ్వెను. భీమోజీ బొమ్మను ఒడిలోఁ బెట్టుకొని తలయెత్తి యామె పెదవులు కదలు తీరును, అవి మరల మూసికొనువఱకును, చూచుచుండెను.