డబ్బాలో పడని మాత్రలు

షాకేరా చాయ్‌లో ఇంకా చక్కెర వెయ్యనే లేదు, ముందుగదిలోంచి మొగుడు గౌస్ కేకేశాడు.

"గొంతు నొస్తాంది. నీ గోలీలు డబ్బాల ఏసినవా? రెండు పట్కరా."

డబ్బా అంటే ఫ్రిజ్ మీది పాత బిస్కెట్ల డబ్బా. ఎవరి జ్వరానికి తెచ్చిన మాత్రలైనా, ఎవరి పంటికి తెచ్చినవైనా, బాధ కాస్త సర్దుకోగానే మిగిలినవి అందులో పడాలి. అది అత్తగారు పెట్టిన పద్ధతి. "తగ్గినంక ఇంక మింగుడెందుకు? ఉంచితే ఎవలకన్న అక్కరకొస్తయ్" అంటుందామె. షాకేరా మాత్రలు అలాగే అందరి అక్కరకూ వచ్చాయి. షాకేరాకు మూత్రంలో మంట పుట్టినప్పుడు మాత్రం డాక్టరు లేడు, గౌస్ పంటినొప్పికి వాడగా మిగిలిన మాత్రలున్నాయి. "ఆడోళ్లన్నంక గిట్లనే ఉంటది, గవ్వే మింగు" అనేవాళ్లు. మింగేది. తగ్గేది. మళ్లీ వచ్చేది.

రాక ఏం చేస్తుంది? ఇల్లందు బజారులో ఆమె పనిచేసే బట్టల దుకాణంలో పట్టుచీరలకు ఏసీ గది ఉంది కానీ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. మగవాళ్లు గోడవతలికి పోయి వస్తారు. సేటు ఇల్లు దుకాణం వెనకే. అయినా "పొద్దుగాల ఇంట్లనే అన్ని సూస్కొని రావాలె" అని చేరిన రోజే చెప్పేశాడాయన. అందుకని షాకేరా పొద్దున నీళ్లు తాగడమే మానేసింది. చీరలు విప్పి చూపించడం, మడత పెట్టడం, కాళ్లు బిగబట్టుకుని నిలబడటం, అంతా కలిపే ఉద్యోగం.

ఈసారి నడుము నొప్పితో, వణుకుడు జ్వరంతో పడిపోతే గౌస్ ఖమ్మం తీసుకెళ్లక తప్పలేదు. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించి, కొత్త మాత్రలు రాసి, "కోర్సు పూర్తిగా వాడాలె" అంటూనే తర్వాతి మనిషిని పిలిచింది. పరీక్ష రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. మందుల పేర్ల పక్కన కొన్నిటికి ఎస్, చాలావాటికి ఆర్.

జ్వరం దిగి దుకాణానికి పోయిన రోజు మధ్యాహ్నం చీరల కట్టల మధ్య కూర్చుని, అన్నం తింటూ ఇంటర్నెట్‌లో వెతికింది. చీటీ మీది బి.డి. అంటే రోజుకు రెండుసార్లని తేలిగ్గానే తెలిసింది. ఆర్ దగ్గరే చిక్కొచ్చిపడింది. ఒక పేజీలో ఆర్ అంటే 'నిరోధకత' అని ఉంది. కరోనా రోజుల్లో కషాయాలు తాగి పెంచుకోమన్నది ఇదే కదా అని, తన రిపోర్టులో అన్ని ఆర్‌లు చూసి పిచ్చిది కాసేపు సంతోషపడింది కూడా. ఇంకో పేజీ చదివాక గాని అసలు సంగతి అర్థం కాలేదు. ఆ బలం ఆమెది కాదు, లోపలి క్రిములది. అరకొరగా మింగిన మందులకు అవి చావకుండా ముదిరిపోయాయి. ఆర్ ఉన్న మందు ఇక వాటినేమీ చెయ్యలేదు, ఎస్ ఉన్నదే పనిచేస్తుంది. ఆ వరుసలో పంటినొప్పి మాత్ర పేరుంది. అత్తగారి దగ్గు మాత్ర పేరూ ఉంది.

ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. సగం తాగిన చాయ్ వదిలి లేవడం, సగం నిద్రలో తలుపు తియ్యడం ఆమెకు అలవాటే. కనీసం తన జబ్బుకు తెచ్చిన మందైనా చివరిదాకా తనది కాలేకపోయిందే!

"మంట తగ్గిందన్నవ్ గద నిన్న," మాత్రల పట్టీతో ముందుగదిలోకి వచ్చిన కోడలికి అత్తగారు గుర్తుచేసింది.

"మంట తగ్గింది అమ్మీ, రోగం పోలేదు." షాకేరా గౌస్ వైపు తిరిగింది. "గొంతుకు మీరు దవాఖానకు పోన్రి. ఇవి నాయి. అయిపోయేదాంక నేనే మింగుత."

"ఫోన్ల సూసి డాక్టర్‌వైనవా?"

"చెప్పింది డాక్టరమ్మనే. నేను ఫోన్ల సూసి సమజ్ చేస్కున్న."

మాత్ర నోట్లో వేసుకుని గ్లాసు నిండా నీళ్లు తాగింది. మళ్లీ ముంచుకుంది. గౌస్ ఆ రెండో గ్లాసు వైపు చూశాడు.

"పొద్దుగాల గన్ని నీళ్లా? దుకాణంల వస్తే ఏం జేస్తవ్?"

అంటే ఆమె పొద్దున నీళ్లెందుకు తాగదో ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ తెలిసే, డబ్బా అందించాడు.

షాకేరా నీళ్లు చివరిదాకా తాగి గ్లాసు బోర్లించింది.

"సేటు ఇంటి తలుపు కొడ్త."