గున్వోర్ ఇంట్లో చీకటి ఎత్తిపోసిన రోజు

నవంబరు చివర్లో సూర్యుడు ఉత్తర ధ్రువం దగ్గరున్న మా దీవికి సెలవు చెప్పేస్తాడు. మళ్ళీ మొహం చూపించడం జనవరి ఇరవయ్యొకటినే. ఈలోగా మా జనం చేసే పనులు మామూలే. పొద్దున్నే చెంచాడు చేపనూనె మింగడం, మెట్లమీద మంచు గీకడం, కిటికీలో కాగితపు నక్షత్రం వెలిగించడం, ఇంట్లో పేరుకున్న చీకటి ఎత్తి బయట పారబోయడం.

చీకటి అందరిళ్ళల్లోనూ పేరుకుంటుంది. మా ఇంట్లో అయితే చేటెడు, చీపురుకే పోతుంది. గున్వోర్ ఇంట్లో ఆ ఏడు మోకాలి లోతు. చేపల ఫ్యాక్టరీలో ఆవిడ కత్తి పడితే పక్కవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. అలాంటి మనిషి డిసెంబరు మొదటివారానికల్లా మంచం దిగడం మానేసింది. మొగుడు స్టైనార్ డాక్టరిచ్చిన, ఎండలాంటి వెలుగుండే దీపం తెచ్చి ఆమె మొహానికెదురుగా పెట్టాడు. చీకటి దీపం మెడదాకా వచ్చింది.

"లే గున్నీ, రెండు బంగాళదుంపలైనా తిను."

"నువ్వు తినెయ్యి. నమలాలంటే విసుగ్గా ఉంది."

చీకటి పరుపు అంచు దాటితే మనిషి దక్కదని మా ఊళ్ళో చంటిపిల్లలక్కూడా తెలుసు. ఇంకా జానెడే ఉంది. స్టైనార్ పరుగున వెళ్ళి టోర్డిస్‌కి చెప్పాడు.

ఊరుమ్మడి పనులకి టోర్డిస్ పెద్ద. 'దుగ్నాడ్', అంటే అందరూ తలో చెయ్యి వెయ్యాలని ఆవిడ కబురంపితే జ్వరమొచ్చినవాడైనా బకెట్టు పట్టుకుని రావాల్సిందే. మర్నాడు మధ్యాహ్నానికి పద్దెనిమిది మందొచ్చారు, వాఫిల్ పిండి కలుపుకుని మరీ.

"ఏమయ్యా, ఇంత పెరగనిచ్చావేం? పెళ్ళి చేసి పంపుదామనా?" అంది టోర్డిస్.

"మీకెందుకులే శ్రమ అని..."

"నీ మొహం. పార అందుకో."

రివాజు ప్రకారం చీకటిని సముద్రంలో పోయాలి. ఆ రోజు ఈదురుగాలి, రేవు మెట్లు గాజు పలకల్లా ఉన్నాయి.

"కాలు జారితే చీకటితోపాటు మనమూ పోతాం. ఈ పక్కనున్న ఐలిఫ్ మాష్టారి పెరట్లో పోసేయండి," అంది టోర్డిస్.

"ఆయన ఇంట్లో ఉంటేనో అక్కా?" అన్నారెవరో.

"కళ్ళున్నాయా నీకు? కిటికీలో నక్షత్రం ఏదీ? పెళ్ళాం పోయిందిగా, ఈపాటికి కానరీ దీవుల ఇసకలో బొర్లుతుంటాడు. ఎండొస్తే ఇదంతా అదే కరుగుతుంది."

నక్షత్రం లేని కిటికీ అంటే ఎండదేశం పోయారనే మా లెక్క. తలుపు తట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. ముందు చెప్పకుండా తలుపు తట్టడం మా దగ్గర మర్యాద కాదు మరి. నవ్వుకుంటూ, తోసుకుంటూ అంతా పోసేశారు. తర్వాత కాఫీ, వాఫిల్స్. గున్వోర్ లేచి కూర్చుని జామ్ ఇంకాస్త వెయ్యమంది. స్టైనార్ ఏడ్చాడు.

ఐలిఫ్ మాష్టారు ఎక్కడికీ పోలేదు. నక్షత్రం అటకమీంచి దించే ఓపిక లేక పడుకున్నాడు, అంతే. పారబోసిన చీకటికి ఒక గుణముంది. మనిషి వెచ్చదనం ఎటుంటే అటు పాకుతుంది. తలుపు కింద సందు చాలు దానికి.

జనవరి ఇరవయ్యొకటిన ఊరంతా గుట్టెక్కి సూర్యుణ్ణి చూసింది, బన్నులు పంచుకుంది. ఇళ్ళన్నీ మెరిశాయి. మాష్టారి ఇల్లొక్కటి పిప్పిపన్నులా నల్లగా నిలబడింది. గున్వోర్ చూసింది. ఒక బన్ను పట్టుకుని గుట్ట దిగి, వెళ్ళి తలుపు తట్టింది.

"మాష్టారూ, నేను గున్వోర్‌ని. సూర్యుడొచ్చాడు."

నూతిలోంచి వచ్చినట్టు మాటొచ్చింది. "ఇంకా రాత్రేనమ్మా. తెల్లారాక రా."

తలుపు కిందనుంచి సన్నని పాయ ఒకటి పాకి వచ్చి, పాత యజమానిని గుర్తుపట్టిన కుక్కలా ఆమె బూటు చుట్టూ తిరిగింది. గున్వోర్ కాలు వెనక్కి తీసుకుంది.

"ఏమంటాడే?" అనడిగింది టోర్డిస్, ఆమె తిరిగి గుట్టెక్కగానే.

"నిద్రపోతున్నారక్కా."

"పోన్లే. పడుకున్నవాణ్ణి లేపకూడదు," అని టోర్డిస్ ఆ బన్ను తుంచి పెద్దముక్క గున్వోర్‌కే ఇచ్చింది. ఆకలిగా ఉందేమో, గున్వోర్ మొత్తం తినేసింది.