డూపు మొహం

దేవదానంగారి మొహం సినిమాలో పడింది మూడే మూడు సెకన్లు. అదీ కెమెరా పట్టుకున్నాయన పొరపాటున. ఆ మూడు సెకన్లూ చూసుకోవాలని ఆయన నన్ను అల్లవరం అవతల వాళ్ళ ఊరికి పిలిపించుకున్నారు.

సినిమా పేరు ‘మొసలిదీవి మంత్రగత్తె’. నలభై ఐదేళ్ళ కిందట అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన మోజుపడి తీసి చేతులు కాల్చుకున్నాడు. పట్టుమని పదిరోజులు ఆడలేదు. ప్రింట్లు ఏమయ్యాయో తెలిసినవాడు లేడు. అట్టముక్కల కోటలూ, రబ్బరు మొసళ్ళూ ఉన్న ఇలాంటి సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్ళం, బూజుపట్టిన వీడియో క్యాసెట్లు ఏరి తెచ్చి తుడిచి బతికించుకునేవాళ్ళం, రెండు రాష్ట్రాల్లోనూ కలిపి ఇరవైమందిమి ఉంటాం. మాలో ఎవరూ దీని పోస్టరు తప్ప మరేమీ చూడలేదు. క్యాసెట్టు తన దగ్గరుందని ఆయన ఫోన్ చేసేసరికి అమలాపురంలో నా ఫిజిక్స్ క్లాసులు వేరేవాళ్ళకి అంటగట్టి, వీసీఆరూ లాప్‌టాపూ బండికి కట్టుకుని వెళ్ళిపోయాను.

ఆయనది దింపు పని. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం. సినిమాలో హీరో మొసలిని తప్పించుకోడానికి చెట్టెక్కి కాలవలోకి దూకాలి. ఆ హీరోకి నిచ్చెన ఎక్కినా కళ్ళు తిరిగేవట. షూటింగు చూడ్డానికొచ్చిన దేవదానంగారికి హీరో చొక్కా తొడిగి ఎక్కించారు. దూకేముందు ఆయన ఒక్కసారి కిందకి చూశారు. డూపు మొహం కనబడకూడదు. కనబడింది. ఎవరూ కత్తిరించలేదు.

“అమలాపురంలో నేలటిక్కెట్టు మీద చూసేనండి. మావోళ్ళు బయల్దేరేసరికి సినిమా ఎత్తేసేరు. అప్పట్నించీ ఇదిగో ఈడు...”

“నేనేవన్నాను బావా?” అన్నాడు పక్కింటి బంగారరాజు, ఆయనా పాత దింపు మనిషే. “చెట్టెక్కేవన్నాను. దూకేవన్నాను. మొసలి నిన్ను చూసి జడిసిపోయిందన్నా నమ్ముతాను. సినిమాలో పడ్డావంటేనే నమ్మనన్నాను.”

దేవదానంగారు నవ్వలేదు. ఆయన కళ్ళల్లో నీటికాసులు. ఎడమకన్ను పోయింది. కుడికంటితో గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త కనిపిస్తుందట. అదీ రెండు మూడు నెలలేనని డాక్టరు చెప్పేశాడు.

“ఈడి కోసం కాదండి మేస్టారూ. ఆ వయసులో నాకు ఫొటో ఒక్కటీ లేదండి. ఎలా ఉండేవోణ్ణో నాకే గుర్తు లేదు. చూపుండగానే ఒకసారి చూసుకుందారని.”

“నేను చెప్తాను కదా ఎలా ఉండేవోరో,” అన్నారు లోపల్నించి ఆయన భార్య అమ్మాజీగారు.

“నువ్వు చెప్తే నువ్వు చూసింది అవుద్ది.”

ఆవిడ క్యాసెట్టు తెచ్చి నా చేతికిచ్చారు. పాత చీరముక్క, దాని మీద మూడు ప్లాస్టిక్ సంచులు. రాజోలులో వీడియో లైబ్రరీ మూసేసినప్పుడు కొన్నారట. అప్పటికే వీసీఆర్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా దుకాణాలు కట్టేశారు.

“వానాకాలం మా ఇంట్లో ఉప్పుజాడీకి కూడా చెమట పట్టుద్దండి. అందుకని కురిడీ అటక మీద పెట్టేను. ఇరవై ఏళ్ళు. ఒక్క చుక్క తడి తగలనిస్తే ఒట్టు,” అన్నారు అమ్మాజీగారు.

కురిడీ అటకంటే, లోపలి నీళ్ళు ఇంకి ఎండిన గుండు చిప్పలో ఆడేదాకా కొబ్బరికాయలు నెలల తరబడి పడుకునే చోటు. కింద పొగ, పైన పెంకుల వేడి. కొబ్బరికి అంతకన్నా మంచి చోటు లేదు, టేపుకి అంతకన్నా చెడ్డ చోటు లేదు. బూజైతే స్పిరిటుతో తుడిచేస్తాను. వేడీ పొగజిడ్డూ కలిసి అతికించినదాన్ని స్పిరిటేం చేస్తుంది?

మరలు విప్పి చూశాను. టేపు చుట్ట మామిడితాండ్రలా ఒక్క ముద్దయిపోయింది.

“చెన్నైలో ఒక లేబ్ ఉందండి,” అన్నాను. “మెల్లిగా జిడ్డు వదిలించి, పొరపొరా విడదీస్తారు. సినిమా సగమైనా దక్కుతుంది. ఏడాది పట్టొచ్చు. ఇక్కడ లాగితే మాత్రం ఉన్నది కూడా పోతుంది.”

“ఏడాదికి నాకేం కనిపిస్తాదండి?” అన్నారు దేవదానంగారు, కోపం లేకుండా.

నిజం చెప్పాలి. నేను వెళ్ళింది సినిమా కోసం, ఆయన కోసం కాదు. ఏదో ఒకటి చెప్పి క్యాసెట్టు సంచిలో వేసుకుని వచ్చేద్దామన్న బుద్ధి పుట్టింది. ఆయన నా గొంతు వచ్చిన వైపుకి చెవి పెట్టి కూర్చున్నారు.

“ఆ సీను చివర్లో ఉందండి. ఆ కాస్తే లాగండి,” అన్నారు.

చివరిసారి చూసినవాడెవడో టేపు వెనక్కి తిప్పకుండా ఇచ్చేశాడు. అందుకని చివరి భాగమే చుట్ట పైపొరల్లో ఉంది. బొటనవేలి గోరుతో కొస లేపాను. జానెడు టేపంటే పది సెకన్ల బొమ్మ. ఆయన మొహం నాలుగు వేళ్ళ మేర ఉంటుంది. లాగుతుంటే కొంతమేర గోధుమరంగుతో వస్తోంది, కొంతమేర రంగంతా కింది పొరకే అంటుకుపోయి ఉత్త ప్లాస్టిక్ వస్తోంది. బొమ్మ ఉండేది ఆ రంగులోనే. ఎంత మెల్లిగా లాగినా అంతే. చెయ్యి మార్చుకుందామని ఆపితే ఆగినచోట ఇంకాస్త ఊడింది.

మిగిలిన ముక్కల్ని అతికి, మంచి క్యాసెట్టులో ఎక్కించి, లాప్‌టాపులోకి తీశాను. మొత్తం పదకొండు సెకన్లు. చుక్కలు. నీళ్ళు. కొబ్బరిమాను. పైకి పోతున్న రెండు పాదాలు. నడుము. చొక్కా కాలరు. మళ్ళీ చుక్కలు.

దేవదానంగారు తెరకి ముక్కు ఆనించి చూశారు.

“మొహం వచ్చిందాండీ?”

దాని తరవాతి ముక్క నా చేతిలోనే ఉంది. నాలుగు వేళ్ళ మేర, అద్దంలా. అందులోంచి గుమ్మంలో నిలబడ్డ అమ్మాజీగారు కనిపిస్తున్నారు.

“రాలేదండి,” అన్నాను.

బంగారరాజు లేచి వచ్చి వంగి చూశాడు. మళ్ళీ వెయ్యమని మళ్ళీ చూశాడు.

“ఆ కాళ్ళు నీయే బావా. మడమ బయటికి తిప్పి నువ్వొక్కడివే ఎక్కేవోడివి. నాదే తప్పు.”

“కాళ్ళు నేనెరగనేంట్రా,” అన్నారు దేవదానంగారు.

అమ్మాజీగారు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. “పైన పెట్టబట్టి ఆ మాత్రమైనా దక్కింది. కదండీ?”

“ఆయ్,” అన్నాను.

దేవదానంగారు ఇంకోసారి వెయ్యమన్నారు. వేశాను. ఇంకోసారి. ఎన్నిసార్లు వేసినా పాదాలు పైకి పోవడం, కాలరు దగ్గర చుక్కలు కమ్మేయడం. ఏడోసారో ఎనిమిదోసారో, “అయిపోయేచోట ఆపండి మేస్టారూ,” అన్నారు.

ఆపాను. ఆయన చెయ్యి చాచి తెర మీద తడుముకున్నారు. “దీని పైనే ఉండాలండి,” అంటూ ఒకచోట వేలు ఆనించారు.

వేలు కాలరుకి బెత్తెడు దూరంలో, నీళ్ళ మీద పడింది. ఆ చెయ్యి పట్టుకుని సరైనచోటికి జరుపుదామనుకున్నాను. సరైనచోట మాత్రం ఏముందని? అలాగే కూర్చున్నాను.