ఎవరూ అడగని మాట

భోజనాల దగ్గర దర్జీ వాళ్ళక్క తమ్ముడి భార్యను చూసి మురిసిపోతోంది. మరదలు గోడవారగా నిలబడి, ఎవరి గ్లాసు ఖాళీ అయితే అందులో నీళ్ళు పోస్తోంది. పిలవకముందే కూర గిన్నెతో ప్రత్యక్షమవుతోంది.

"ఆరేళ్ళు పరాయి దేశంలో ఉండొచ్చినా ఎంత అణకువరా తమ్ముడూ! మా కోడలు పక్క వీధికి వెళ్ళొస్తే వారం రోజులు గొప్పలు చెబుతుంది" అంది అక్క.

దర్జీ నవ్వాడు. లోలోపల గర్వంగానే ఉంది. "నువ్వూ కూర్చో" అన్నాడు భార్యతో. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. అక్కకు పొలమారగానే లేచి చెంబు అందుకుంది.

ఆ పరాయి దేశంలో దర్జీ భార్య ఒక పెద్ద ఇంట్లో పనిమనిషి. ఆమె పంపిన డబ్బుతోనే కుట్టు దుకాణానికి రెండో మిషను వచ్చింది, కూతురు మంచి బడికి వెళ్ళింది. ఇప్పుడు ఒప్పందం ముగిసి క్షేమంగా తిరిగొచ్చింది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాడు దర్జీ.

కానీ అతనికి అంతుబట్టనివి ఒక్కొక్కటే కనబడసాగాయి. తన ఇంట్లోనే గదిలోకి రావాలంటే తలుపు తడుతుంది. "నేను పడుకోవచ్చా?" అని అడుగుతుంది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతుంది.

"నాన్నా, అమ్మ నన్ను చూసి లేచి నిలబడుతోంది. నేనేమైనా టీచర్నా?" అని కూతురు మొదట్లో నవ్వుతూ చెప్పింది. కొన్నాళ్ళకు నవ్వడం మానేసింది. "అమ్మకి నేను నచ్చలేదేమో నాన్నా" అంది. తన గురించి దర్జీకీ అదే అనుమానం. ఆమెకు తనమీద కోపమా? ఇంత చిన్న ఇల్లు కంటికి ఆనడం లేదా? అడిగితే "ఏమీ లేదండీ" అంటుంది.

ఒకనాడు ఆమె దుకాణంలో గుండీలు కుడుతూ ఉండగా ఒకావిడ వచ్చి గౌను బల్లమీద విసిరింది.

"చేతులు ఇంత బిగుతా? కుట్టింది మనిషేనా?"

తప్పు దర్జీదే. అతనికి ఇలాంటివి అలవాటే. "ఇటివ్వండమ్మా, సాయంత్రానికి వదులు చేసిస్తాను. మీరలా గద్దిస్తే నా మిషను కూడా జడుసుకుంటుంది" అని నవ్వించబోయాడు. ఇంతలో భార్య నేలమీద కూలబడింది. రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.

"నేనే చేశాను, నాదే తప్పు, ఇంకెప్పుడూ చెయ్యను..."

ఆ గౌనును ఆమె ముట్టుకోను కూడా లేదు. కోప్పడిన ఆవిడే గాభరాపడి మంచినీళ్ళు అందించింది.

ఇంటికి వచ్చాక భార్య నెమ్మదిగా అంది. "ఏవండీ, నేను మళ్ళీ వెళ్ళిపోతాను. ఏజెంటుతో మాట్లాడాను."

దర్జీ నిర్ఘాంతపోయాడు. "ఇక్కడ నీకేం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు."

"మరి?"

"అక్కడ ఏం చెయ్యాలో ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ఇక్కడ ఎవరూ చెప్పరు. పొద్దున లేస్తే ఎటు తిరగాలో తెలియదు. మీరంతా నవ్వుతారు, ఎందుకో అర్థం కాదు. ఇది నా ఇల్లేనని తెలుసు. తెలిసీ భయమేస్తోంది."

సంగతి విని అక్క తేల్చి చెప్పేసింది. "పంపించెయ్యరా. అలవాటైన చోట అదే కుదురుకుంటుంది. డాక్టరూ గీక్టరూ అని తిప్పావంటే నలుగురూ పిచ్చిదంటారు. రేపు పిల్లకి సంబంధం ఎవరు తెస్తారు?"

పంపడం మేలో, ఆపడం మేలో దర్జీకి పాలుపోలేదు. ముందు నీరసానికి మందైనా రాయిద్దామని ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ అతణ్ణి బయట కూర్చోబెట్టి, ఆమెతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత లోపలికి పిలిచింది.

"ఇది నీరసం కాదు నాయనా. మనసుకు తగిలిన దెబ్బ. నయమయ్యేదే. మానసిక వైద్యుడితో నేను మాట్లాడతాను. ఒకటి చెప్పు, ఈమె తిరిగొచ్చాక మీరంతా ఏమేం అడిగారు?"

దర్జీ గుర్తుచేసుకున్నాడు. ప్రయాణం ఎలా జరిగిందన్నారు. ఏం తెచ్చావన్నారు. అక్కడ ఎండలెక్కువా, ఇళ్ళు పెద్దవా అన్నారు. నువ్వెలా ఉండేదానివని ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు. అడిగితే ఆ రెండో మిషను ఎలా వచ్చిందో వినాల్సి వస్తుందని వెనకాడాడేమో. అతను తలదించుకున్నాడు.

"కాలు విరిగి వచ్చుంటే చేతులమీద మోసుకెళ్ళేవాళ్ళు. మనసు విరిగి వస్తే అణకువ అని మెచ్చుకుంటున్నారు" అంది డాక్టరమ్మ. "విమానం దిగినంత మాత్రాన మనిషి తిరిగొచ్చినట్టు కాదు. మిగతా దారి వైద్యమూ, ఇంట్లోవాళ్ళూ కలిసి నడిపించాలి."

ఆ రోజే అక్క వచ్చింది. "ఎవరైనా అడిగితే నీరసమని చెప్పనా?"

"మనసు బాగాలేదని చెప్పక్కా. వైద్యం చేయిస్తున్నామని చెప్పు."

"పరువు పోతుందిరా!"

"ఈ ఇంటి పరువు నిలిపింది దాని కష్టమే కదక్కా."

"నీ ఖర్మ" అని అక్క మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

దర్జీ భార్య వైపు తిరిగాడు. "నీకు నయమయ్యేదాకా ఆగమని ఏజెంటుకి చెబుదామా? ఆ తర్వాత వెళ్ళాలో వద్దో నీ ఇష్టం."

ఆమె తలూపింది.

"అక్కడ నువ్వెలా ఉండేదానివి?"

ఆమె బిత్తరపోయి చూసింది. అది ప్రశ్నో, ఆజ్ఞో తేల్చుకోలేకపోయింది. దర్జీ రెట్టించలేదు.

చాలాసేపటికి, "వంటగదికి కిటికీ ఉండేది కాదండీ" అంది.

అంతే. ఆ తర్వాతి మాట రేపు వస్తుందో, నెలకు వస్తుందో అతనికి తెలియదు. అయినా ఎదురుచూస్తూ ఉండిపోయాడు.

మీ వీధిలోకీ ఎవరో ఒకరు తిరిగొచ్చే ఉంటారు. ఏం తెచ్చారని అడిగేముందు ఎలా ఉన్నారని అడగండి; అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.