తోసేవాళ్ళు కావాలి

నేను ఒక ఇనుప బర్రెను. పాలివ్వను, మేత మేయను, ఎవరైనా తోస్తే తప్ప కదలను. నా అసలు పేరు స్క్రమ్ యంత్రం. ఆ పేరు నోరు తిరిగేలా పలికే ఓపిక అల్వాల్‌లో ఎవరికీ లేకపోవడంతో బర్రెనైపోయాను.

రగ్బీ అనే ఆట ఒకటుందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. తెలియకపోవడం వల్లే నా బతుకు ఇలా తగలడింది కనుక ముందు అదే చెబుతాను. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట అది. జట్టుకు పదిహేను మంది. మధ్యలో ఆగిన ఆట మళ్ళీ మొదలవ్వాలంటే ఒక్కో జట్టు నుంచి ఎనిమిది మంది వంగి, ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, ఎదుటివాళ్ళ భుజాలకు భుజాలు ఆనించి తోస్తారు. దాన్నే స్క్రమ్ అంటారు. తోయడం సరిగ్గా రాకపోతే మెడలు పట్టేస్తాయి, ఒక్కోసారి విరుగుతాయి కూడా. అందుకని మనుషుల మీదకు పోయే ముందు నా మీద నేర్చుకోవాలి. ఎనిమిది మంది కలిసి తోస్తే జరిగేలా నన్ను చేశారు. ఎనిమిది మంది రావాలి కదా. చిక్కంతా అక్కడే.

నన్ను చేయించినాయన పేరు యిర్మీయా. ఆర్మీలో హవల్దారుగా పనిచేసి, రిటైరై, అల్వాల్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఆట ఆర్మీలోనే నేర్చుకున్నాడు. ఒకే రెజిమెంటులో ఆయనతో కలిసి ఆడిన ఖలీల్ కూడా ఇటే వచ్చి స్థిరపడ్డాడు. ఇద్దరూ కలిసి రైలు కట్ట పక్కన ఖాళీగా ఉన్న మైదానంలో క్లబ్బు పెట్టారు. పెట్టాక ఒక కాగితం మీద నా బొమ్మ గీసుకుని వెల్డింగు షాపు మొగులయ్య దగ్గరికి వెళ్ళారు.

మొగులయ్య బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "చక్రాలేవి సార్?"

"చక్రాలుండయ్," అన్నాడు యిర్మీయా.

"మరెట్ల పోతది?"

"పోవద్దు. గట్టిగ తోస్తే జరంత జరగాలె."

"ఎటు తోసుకపోతరు?"

"ఎటూ లేదు. తోసినంక మళ్ళ ఎనుకకు గుంజుకొస్తం."

మొగులయ్య కాసేపు ఆయన ముఖం చూసి, "సరే తియ్యిరి, ఇనుము మీది, ఇష్టం మీది," అని పనిలో పడ్డాడు. పాత లారీ చాసిస్ కోసి చట్రం కట్టాడు. కింద జారడానికి రెండు పట్టీలు, ముందు భుజాలు ఆనించడానికి బస్సు సీటు రెక్సిన్ కప్పిన నాలుగు దిండ్లు, వెనక ఇసుక బస్తాలు పెట్టుకోవడానికి చోటు. పుట్టిన రోజున నేను బాగానే ఉన్నాను. ఆ మాట ఇంకెవరూ అనలేదు కనుక నేనే అనుకుంటున్నాను.

మొదట్లో మనుషులు వచ్చేవాళ్ళు. కొత్త వింత కదా. తర్వాత ఇద్దరు మిత్రులకూ చెడింది. ఆస్తి తగాదా కాదు, మతం తగాదా కాదు. సాధన పొద్దున చేయాలా సాయంత్రం చేయాలా అని. యిర్మీయా తెల్లవారుజామునే మైదానంలో ఉండాలన్నాడు. ఖలీల్ వెంట వచ్చేవాళ్ళు చర్లపల్లి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళకు పొద్దున కుదరదు. మాటా మాటా పెరిగింది. ఖలీల్ తన వాళ్ళను తీసుకుని చర్లపల్లిలో వేరే క్లబ్బు పెట్టుకున్నాడు. దసరా దాకా చూడు, వాడే తిరిగొస్తాడని యిర్మీయా అందరితో అన్నాడు. అవతల ఖలీల్ కూడా అదే మాట అన్నాడట. దసరాలు వచ్చాయి, పోయాయి.

పదిహేను మంది దొరకడమే గగనమైన ఆటలో ఉన్న గుప్పెడు మందినీ రెండు కుప్పలు పోసిన ఆ తెలివిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఇనుమును కనుక ఊరుకున్నాను.

ఆ తర్వాత నా మీద భుజాలు ఆనడం తగ్గింది. మిగతావన్నీ ఆనాయి. పక్క బస్తీ ఆడవాళ్ళు బొంతలు ఆరేశారు. ఒక పార్టీ వాళ్ళు నన్ను బోర్లించి మైకు సెట్టుకు అడుగున పెట్టారు. క్రికెట్ పిల్లలు నన్ను వికెట్లు అనుకున్నారు. పొద్దున్నే నడిచే పెద్దమనుషుల సంఘం వాళ్ళు, "ఈ గుండాగిరీ ఆట ఆడేటోళ్ళు మా నడక దారిల ఇనుము పెట్టిన్రు," అని ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు రాస్తున్నంతసేపూ నా మీదే కూర్చున్నారు.

ఇక ఆటగాళ్ళు. ఫోనులో క్లబ్బుకు ఒక గ్రూపు ఉంది. శనివారం సాయంత్రం యిర్మీయా "రేపు ప్రాక్టీస్" అని పెట్టగానే బొటనవేళ్ళు వరసగా మొలుస్తాయి. ఆదివారం పొద్దున మైదానంలో ఐదుగురు. ఒకడికి అక్క కొడుకు పుట్టువెంట్రుకలు. ఒకడికి షిఫ్టు మారింది. ఒకడు రోడ్డు మీదే ఉన్నానంటాడు, వెనక వాళ్ళింటి కుక్కర్ కూత వినిపిస్తుంది. పెళ్ళి కుదిరినవాడిని ముఖం మీద దెబ్బ తగులుతుందని అత్తగారు పంపరు. పెళ్ళయినవాడిని భార్య పంపదు. కండలు పెంచుకుని వచ్చినవాడు ఒక్కసారి కింద పడగానే జిమ్ముకే తిరిగి వెళ్ళిపోతాడు. ఐదుగురూ వంగి నన్ను తోస్తారు. నేను కదలను. కదలకూడదని కాదు, ఐదుగురికి కదిలేలా నన్ను చేయలేదు. యిర్మీయా ఇసుక బస్తాలు ఒక్కొక్కటే దింపి, "ఇప్పుడు తోయిరి," అనేవాడు. బరువు తగ్గించి తోయిస్తే వచ్చేది బలం కాదని ఆయనకూ తెలుసు.

అలా సగం సగం నేర్చుకుని మ్యాచ్ ఆడినవాళ్ళలో లోకేశ్ ఒకడు. భుజం ఎముక విరిగింది. మర్నాడే వాళ్ళ అక్క ఇందుమతి ఆస్పత్రి కోటు మీదే మైదానానికి వచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది.

"సార్, మీ క్లబ్బు పిలగాండ్ల బొక్కలు ఫొటోలు తీసి తీసి నా చేతులు గుంజుతున్నయ్. మీరు ఆట నేర్పుతున్నరా, మాకు గిరాకీ పంపుతున్నరా?"

యిర్మీయా తల దించుకున్నాడు. "తోసుడు నేర్వకుంటనే మ్యాచ్‌కు దిగిండు బిడ్డా. నేర్పుదమంటే వస్తలేరు. నలుగురైదుగురితోటి నేనేం నేర్పాలె?"

ఆవిడ నావైపు చూసింది. "ఇదేంది?"

ఆయన చెప్పాడు. ఎలా వంగాలో, వెన్ను ఎలా నిటారుగా ఉంచాలో, మెడ ఎక్కడ పెట్టకూడదో చూపించాడు. ఆవిడ చేతి సంచి కింద పెట్టి, కోటు విప్పి, వంగి తోసింది. నేను కదల్లేదు. ఆవిడకు కోపం వచ్చింది. కాళ్ళు ఇంకాస్త వెనక్కి జరిపి మళ్ళీ తోసింది. "ఇంకెవలన్నా ఉంటే రమ్మనురి," అంది రొప్పుతూ. అక్కడితో ఆవిడ ఈ ఆటకు చిక్కిపోయింది. లోకేశ్ ఎముక అతుక్కున్నాక మైదానం ముఖం చూడలేదు. ఇందుమతి మాత్రం క్లబ్బు సెక్రటరీ అయింది.

ఆవిడ వచ్చాక పనులు పద్ధతిలో పడ్డాయి కానీ మనుషులు పెరగలేదు. నగరంలో జరిగే లీగులో మా క్లబ్బుకు ఒక చోటు ఉంది. కనీసం పన్నెండు మందిని దింపకపోతే మ్యాచ్ పోయినట్టే. మూడు మ్యాచ్‌లు అలా పోతే క్లబ్బు పేరే కొట్టేస్తారు. మాకు అప్పటికే రెండు పోయాయి. మూడోది మా మైదానంలోనే, ఖలీల్ వాళ్ళ చర్లపల్లి జట్టు మీద.

ఆ ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. యిర్మీయా ఫోను చెవికి పెట్టుకుని మైదానం చుట్టూ తిరుగుతున్నాడు. ఇందుమతి స్కూటీ తీసుకుని ఇళ్ళ మీద పడింది. ఒక ఇంట్లో వాళ్ళమ్మ గుమ్మంలోనే ఆపి, "మావోడు ఊర్ల లేడమ్మా," అందట. గుమ్మం పక్కన మడమకు మట్టి అంటిన బూట్లు ఉన్నాయి. "అయితే బూట్లు తీస్కపోత పెద్దమ్మా, ఇంకెవలన్నా ఏస్కుంటరు," అని ఇందుమతి వంగేసరికి మంచం కింద నుంచి, "అక్కా, ఒస్తున్న, బూట్లు ముట్టకు," అని కేక. వాడిని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తెచ్చింది. పది మంది అయ్యారు.

యిర్మీయా చొక్కా విప్పి జెర్సీ వేసుకున్నాడు. మోకాలికి గుడ్డ కట్టుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నరు సార్?"

"నేను దిగుత. పదకొండు."

"ఆ మోకాలు ఫొటో తీసింది నేనే. లోపలేముందో మీకన్న నాకెర్క. కూసోరి."

ఆయన కూర్చోలేదు కానీ గుడ్డ విప్పాడు.

అప్పుడు చర్లపల్లి వాళ్ళ ట్రాలీ ఆటో వచ్చింది. మా వాళ్ళు లేచి నిలబడి లెక్కపెట్టారు. ఎనిమిది మంది దిగారు. తర్వాత ఖలీల్ దిగాడు. వెనక ఇంకో ఆటో వస్తుందేమోనని అందరం రోడ్డు వైపు చూశాం. రాలేదు. ఖలీల్ కూడా మా వాళ్ళను లెక్కపెట్టుకుంటున్నాడు.

రెఫరీ ఒక కాలేజీ లెక్చరరు. రెండు జట్లనూ చూసి ఈల జేబులో పెట్టుకున్నాడు. "మ్యాచ్ లేదు సార్. ఇద్దరికీ పోయినట్టే. మీకు మూడోది. వాళ్ళకు కూడా మూడోదే."

కట్ట మీద రైలు ఒకటి వెళ్ళిపోయింది. అది పోయాక ఇందుమతి అంది. "పది, ఎనిమిది కలిస్తే పద్దెనిమిది. ఇది గూడ నేనే ఫొటో తీసి చూపియ్యాల్నా మీకు?"

"ఇడిసిపెట్టి పోయినోళ్ళతోటి కలిసేది లేదు బిడ్డా," అన్నాడు యిర్మీయా.

ఖలీల్ నాలుగడుగులు ముందుకు వచ్చాడు. "నేను ఇడిసిపెట్టలే యిర్మీయా. పొద్దుగాల మా పిలగాండ్లకు ఫ్యాక్టరీ సైరన్ మోగుతది. నువ్వు గప్పుడే రమ్మంటివి. కొలువు ఇడ్సాల్నా వాళ్ళు, ఆట ఇడ్సాల్నా?"

"ఆర్మీల మనం ఎట్ల లేసినం?"

"అక్కడ ఆర్డరుండె. ఈడ ఎవనికి ఆర్డరు? జీతమా, పెన్షనా, ఏమిస్తున్నం మనం? ఇష్టముంటెనే ఒస్తడు. ఇష్టముండి గూడ రాలేకపోతే మనమే జరగాలె భాయ్." ఖలీల్ గొంతు తగ్గించాడు. "నేను గూడ ఇయ్యాల్టితోటి బంద్ చేద్దమనే వచ్చిన. ఆఖరి మ్యాచ్ నీతోటి ఆడి పోదమనుకున్న. అది గూడ అయితలేదు."

యిర్మీయా వచ్చి నా చట్రం మీద కూర్చున్నాడు. ఆయన అరచేతులు నా మీద ఆనాయి, చెమటగా ఉన్నాయి. సాయంత్రం అంటే వెలుతురుండదు. దీపాలు చర్లపల్లి మైదానంలోనే ఉన్నాయి. అంటే ఈ రైలు కట్ట పక్కన ఇంక ఎవరూ ఉండరు. తాను రాళ్ళు ఏరి, పల్లేరుకాయలు పీకి బాగుచేసుకున్న నేల. నాకు అర్థమైంది కనుక ఆయనకు ఇంకా ముందే అర్థమై ఉంటుంది.

"సాయంత్రం ఎన్ని గంటలకు?" అన్నాడు చివరికి.

ఖలీల్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక దగ్గరికి వచ్చాడు. "ఆరున్నరకు. షిఫ్టు ఇడిసినంక."

"పేరు మాదే ఉండాలె."

"ఉండనీ. జెర్సీలు మావి ఏసుకుందం, మీవి చినిగినయ్."

"రంగు మంచిగ లేదు."

"నువ్వు కుట్టియ్యి మరి."

రెఫరీ లీగు వాళ్ళతో ఫోనులో మాట్లాడాడు. రెండు క్లబ్బుల చోట ఒక క్లబ్బుంటే వాళ్ళకూ అభ్యంతరం లేదట. వాళ్ళకు మాత్రం జట్లు ఎక్కడ దొరుకుతున్నాయి?

వచ్చినవాళ్ళను ఊరికే పంపడం ఎందుకని యిర్మీయా అందరినీ నా ముందుకు పిలిచాడు. ఇసుక బస్తాలన్నీ ఎక్కించాడు. రెండు జట్లవాళ్ళనూ కలిపి ఎనిమిది మందిని నిలబెట్టాడు, ముందు ముగ్గురు, వాళ్ళ వెనక ఇద్దరు, అటూ ఇటూ చివరలో ఇంకో ముగ్గురు. నాలుగు దిండ్లకూ ఒకేసారి భుజాలు ఆనాయి. ఆయన కేక వేశాడు. నేను కదిలాను. నేల చీరుకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి, నడక దారి దాటి పోయాను. ఇన్నేళ్ళు తుప్పు తిన్న అతుకు ఒకటి ఆ ఊపుకు టక్కున విడిపోయింది. ఒక దిండు వాలిపోయింది. ఎవరూ ఆగలేదు. నాకూ ఆగాలనిపించలేదు.

నన్ను బాగుచేయిద్దామని ట్రాలీ ఆటోలో చర్లపల్లి తీసుకుపోయారు. అక్కడ ఖలీల్ వాళ్ళకు ఫ్యాక్టరీలో చేసిన మంచి యంత్రం ఉంది. బాగుచేయించడం అందరూ మరిచిపోయారు. నేను మైదానం గీత పక్కన బెంచీనయ్యాను. దీపాల కింద సాయంత్రాలు మనుషులు వస్తున్నారు. ఒకరోజు ఇరవై మంది, ఒకరోజు పదకొండు. రమ్మని అందరికీ ఫోన్లు చేసి చేసి ఇందుమతి ఫోను ఛార్జింగు ఇప్పటికీ మధ్యాహ్నానికే అయిపోతుంది.

వానలు వెలిశాక లీగులో మొదటి మ్యాచ్ ఆడారు. సరిగ్గా పదిహేను మంది, అదనంగా ఒక్కడు లేడు. ఘోరంగా ఓడిపోయారు. ఒళ్ళంతా బురదతో, పెదవులు చిట్లి, కుంటుతూ వచ్చి నా చుట్టూ కూలబడ్డారు. ఒక కుర్రాడు ముఖం కప్పుకుని, "ఇజ్జత్ పోయింది సార్," అన్నాడు.

"ఏం పోలే," అన్నాడు యిర్మీయా. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఓడాలన్నా పదిహేను మంది ఉండాలె గద రా. ఇన్ని దినాల సంది మనకు ఓడే నసీబు గూడ లేకుండె."

ఆ వారంలోనే పాత ఇనుము కొనేవాడు బండి తెచ్చాడు. ఇందుమతే పిలిపించింది, వాలిన దిండు ఎవరి కాలికో గీసుకుందని. నన్ను ఎత్తడానికి పిల్లలు చాలామందే వచ్చారు. చట్రం ఎక్కడ పట్టుకోవాలో చెప్పి, చివరగా ఆవిడ నా మీది ఎండిన బురద చేత్తో దులిపింది. యిర్మీయా ఇటు చూడలేదు. అవతల గీత దగ్గర నిలబడి, వచ్చే ఆదివారం పదిహేనోవాడిగా ఎవరిని ఆడించాలా అని ఖలీల్‌తో తగాదా పడుతున్నాడు. ఇద్దరి గొంతులూ బండి మలుపు తిరిగేదాకా వినిపించాయి. నాకు అదే బాగుందనిపించింది.