అత్తగారి దరఖాస్తు

విదేశాంగ మంత్రి ఆ రోజు మంచి ఊపు మీదున్నాడు. పాస్‌పోర్టుల మీద ప్రతిపక్షం ఎన్ని ప్రశ్నలు గుప్పించినా తొణకలేదు, బెణకలేదు.

"మా ఆఫీసుల్లో మూడు వారాలు దాటిన దరఖాస్తు ఒక్కటి కూడా లేదు, అధ్యక్షా! వివరాలు చదువుతాను" అంటూ, కార్యదర్శి ఇచ్చిన చీటీ కోసం కోటు జేబులో చెయ్యి పెట్టాడు. సభకు మాత్రమే తొడిగే కోటు అది. నాలుగు మడతల కాగితం చేతికొచ్చింది. విప్పి చూశాడు.

అత్తగారి పాస్‌పోర్టు దరఖాస్తు! "నేనుండగా మీకు క్యూ ఏమిటండీ అత్తయ్యగారూ, ఇటివ్వండి" అని పోయిన సమావేశాలప్పుడు గొప్పగా తీసుకున్నదే.

తలెత్తాడు. సందర్శకుల గ్యాలరీ ముందు వరుసలో అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితాన్నే చూస్తున్నారు.

"ఆఫీసుల్లో అయితే లేదు, అధ్యక్షా" అన్నాడు మంత్రి, నీళ్ళు నములుతూ.